ఓడినవాళ్ళే ముందు అనాలి

మా పీసీబాంగ్‌లో, అంటే గంటల లెక్కన కంప్యూటర్ ఆటలు ఆడుకునే కొట్టులో, కేకలు వేయొచ్చు, సిగరెట్టు కాల్చొచ్చు, నూడుల్స్ పులుసు కీబోర్డు మీద ఒలకబోసి నేను కాదని బుకాయించొచ్చు. నేను తిడతాను, తుడుస్తాను, అక్కడితో సరి. ఆటలో ఓడిపోయి కూడా ఆ మాట అనకుండా నక్కి కూర్చునేవాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళు మంట. ప్యో గ్యుసిక్ గారి మీద నాకు మొదట కోపం వచ్చింది అందుకే. తర్వాత ఆ కోపం ఏమైందో చెప్పడానికే ఇదంతా.

బుప్యోంగ్ స్టేషన్ వెనక సందులో, కోడి వేపుళ్ళ కొట్టు పైన ఉంటుంది మా కొట్టు. దేశం అప్పుల పాలై కంపెనీలు మనుషుల్ని మందలు మందలుగా ఇంటికి పంపేసిన రోజుల్లో మా ఆయన ఉద్యోగమూ పోయింది. చేతికొచ్చిన దాంతో ఈ కంప్యూటర్లు కొన్నాడు. కొన్నాక తెలిసింది, వాటి ముందు కూర్చుంటే ఆయనకి కళ్ళు తిరుగుతాయని. అప్పటినుంచీ గాలం భుజాన వేసుకుని సముద్రం ఒడ్డుకి పోతాడు, కొట్టు నేను చూసుకుంటాను. ఉద్యోగం ఏమైందని ఎవరైనా అడిగితే "పీకేశారు" అంటాడు, చేప పడిందా అంటే చెప్పినంత తేలిగ్గా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనలో నాకు నచ్చిన గుణాలు రెండో మూడో ఉంటే అందులో ఇదొకటి.

ప్యో గారు వసంతంలో ఒక ఉదయం వచ్చారు. బూడిదరంగు సూటు, టై, చేతిలో ఆఫీసు బ్యాగు. తలుపుకి వీపు పెట్టి కూర్చునే మూల సీటు అడిగారు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి లేచి, టై సర్దుకుని, నాకు వంగి నమస్కారం పెట్టి వెళ్ళారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొదట్లో తెర మీద ఉద్యోగ ప్రకటనలు చూసేవారు. వారం తిరిగేసరికి అవి చూడటం మానేసి పక్క సీటు వైపు చూడటం మొదలుపెట్టారు.

పక్క సీటు హేవన్‌ది. కాలేజీకి ఏడాది సెలవు పెట్టి, పగలంతా మా కొట్టులోనే ఉండే పిల్ల. మా కొట్టులో అందరూ ఆడే యుద్ధం ఆటలో దాన్ని ఓడించిన మగాడు లేడు.

ఆ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మ్యాపులో ఒక మూల నువ్వు, ఇంకో మూల ఎదుటివాడు. కూలీలతో ఖనిజం తవ్వించాలి, దాంతో కట్టడాలు కట్టాలి, వాటిలోంచి సైన్యాన్ని దించాలి. నీ వంతు, నా వంతు అని ఆగడం ఉండదు. నువ్వు తల గోక్కునేలోపు వాడు నీ గుమ్మంలో ఉంటాడు. వాడు ఏ ఊళ్ళో ఏ కుర్చీలో కూర్చున్నాడో తెలీదు, పెట్టుకున్న పేరొక్కటే కనబడుతుంది.

"అమ్మాయ్, నాబోటివాడు ఇది నేర్చుకోగలడా?" అని అడిగారు ప్యో గారు ఒకరోజు.

హేవన్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "రెండు చేతులున్నాయిగా బాబాయ్. కుడిచేత్తో మౌసు, ఎడంచేత్తో మీటలు. వయసెంతని ఆట అడగదు."

అలా మొదలైంది. ఆయన కట్టడాలన్నీ గీత గీసినట్టు వరసలో కట్టేవారు. ఒకటి అటూ ఇటూ జరిగితే రద్దు చేసి మళ్ళీ కట్టేవారు.

"యుద్ధానికొచ్చారా బాబాయ్, ఆఫీసు ప్రారంభోత్సవానికా?" అనేది హేవన్. "ఆ ఖనిజమంతా అలా పోగేశారేంటి, ముసలితనానికా? వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టండి. కూలీ ఒక్కడు కూడా ఊరికే నిలబడకూడదు. ముందు ఒకణ్ణి అవతలివాడి ఇంటికి పంపి, ఏం చేస్తున్నాడో చూసి రమ్మనండి."

"చెప్పాపెట్టకుండా ఒకరింటికి వెళ్ళడం మర్యాదేనా?"

"వాడు కత్తులేసుకుని మనింటికి వస్తాడు. వాడికి లేని మర్యాద మనకెందుకు?"

నేను కౌంటర్ వెనక నవ్వుకునేదాన్ని. ఆ మనిషికి ఓపిక ఉంది. భోజనం మానేసి మీటలు వల్లె వేసేవారు. యంత్రంతో ఆడి గెలవడం వచ్చాక, మనుషులతో ఆడమని హేవన్ బలవంతపెట్టింది. మొదటిసారి ఎదుటివాడి పేరు తెర మీద పడగానే ప్యో గారు కోటు గుండీలు పెట్టుకున్నారు. తల వంచారు. తర్వాత రెండు వేళ్ళతో టైపు చేయడం మొదలుపెట్టారు: "నమస్కారమండీ. కొత్తగా నేర్చుకుంటున్నాను. తమ సహకారాన్ని కోరుతున్నాను." అది పూర్తయ్యేసరికి వాడి సైనికులు వచ్చి సగం ఊరు తగలబెట్టేశారు. ఆ వరసలో ఉన్న కుర్రాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు, ఆయన కూడా నవ్వారు. అప్పుడు నాకు ఆయన మీద ప్రేమే తప్ప కోపం లేదు.

కోపం ఆ ఆట చివర్లో వచ్చింది.

ఓడిపోయామని తెలియగానే ఎవరైనా 'జీజీ' అని రెండక్షరాలు కొట్టి బయటికి వస్తారు. మంచి ఆట అని దానికి అర్థం. ఓడినవాళ్ళే ముందు కొట్టాలి. గెలిచేవాడు ముందు కొడితే ఎదుటివాడి మొహాన ఉమ్మేసినట్టే. ఓడినవాడు అన్నాక, గెలిచినవాడు అవే రెండక్షరాలు తిరిగి కొడతాడు. అంతటితో ఎవరి మీద ఎవరికీ ఏమీ మిగలదు.

ప్యో గారు కొట్టలేదు. ఆ ఆటలో మూడు జాతులుంటాయి, ఆయన ఎంచుకున్న జాతి కట్టడాలకి గాలిలోకి లేచి ఎగిరే వీలుంది. ఆఖరికి మిగిలిన ఒక్క కట్టడాన్నీ పైకి లేపి, మ్యాపులో ఎవరూ పోని చీకటి మూలకి తోలుకుపోయి అక్కడ నిలిపారు. కట్టడం ఒక్కటున్నా ఆట అయిపోయినట్టు కాదు. పాపం అవతలివాడు వెతికి వెతికి, "అయ్యా, ఎక్కడున్నారు? నాకు ఇంట్లో పనుంది" అని రాశాడు. ప్యో గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

"కొట్టేయండి బాబాయ్," అంది హేవన్.

"ఇంకా పూర్తవలేదుగా."

"సైన్యం లేదు, కూలీలు లేరు, ఖనిజం లేదు. ఇంకేం మిగిలింది?"

"ఒక కట్టడం ఉంది," అన్నారాయన, నెమ్మదిగా.

ప్రతి ఆటా అలాగే ముగిసేది. అవతలివాళ్ళు బూతులు తిట్టి పోయేవారు. మా కొట్టు పేరు చెడగొడుతున్నాడని నాకు మండిపోయేది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కౌంటర్ మీది ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, చాలా మర్యాదగా, "ప్యో సెక్షన్ చీఫ్ గారు ఉన్నారాండీ? ఇంటినుంచి" అంది. "ప్యో గారా?" అని నేను పైకి అనేసరికి మూల సీట్లో ఆయన దిగ్గున లేచి నిలబడ్డారు. చేతులు జోడించారు. నేను ఒక్క క్షణం ఆలోచించి, "సీట్లో లేరమ్మా" అన్నాను. అది నిజమే, నిలబడే ఉన్నారుగా.

"పర్లేదండీ. బాగా పనిలో ఉన్నట్టున్నారు, ఒకటే టైపింగు చప్పుడు," అని పెట్టేసింది.

ఏప్రిల్లో ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు, కొత్త బ్రాంచికి మార్చారని చెప్పి మా నంబరు ఇచ్చారు. ఇవన్నీ ఆయన నీళ్ళు నములుతూ చెప్పారు. "ఇంకోసారి నాచేత అబద్ధం ఆడించకండి" అని కసిరాను. ఆయన వంగి క్షమాపణ చెప్పుకుని మళ్ళీ మూలకి పోయారు.

తెలివైనవాళ్ళే ఇలాంటి చోట దొరికిపోతారు. కొట్టు పేరూ ఫోను నంబరూ వేయించి లైటర్లు పంచుతాం మేము. ఆయన కోటు జేబులో ఒకటి ఉండిపోయింది. భార్య ఆ కోటుని లాండ్రీకి వేయబోతే అది బయటపడింది, దాని మీద ఉన్నది ఆయన కొత్త బ్రాంచిదని ఇచ్చిన నంబరే.

వాన పడుతున్న ఒక రోజు ఆమె మెట్లెక్కి వచ్చింది. సన్నగా, గొడుగు మడిచి పట్టుకుని, అద్దాల తలుపు బయటే నిలబడిపోయింది. లోపల మూలలో భర్త వీపు కనబడుతోంది. నేను బయటికి వెళ్ళి తలుపు వేశాను.

"ఆరోజు సీట్లో లేరన్నది మీరేనా?" అంది లైటర్ చూపిస్తూ. పేరు ఇమ్ సనోక్ అని చెప్పింది.

"నేనేనమ్మా. ఆ నిమిషాన ఆయన నిలబడి ఉన్నారు."

నవ్వబోయి ఆపుకుంది. "ఉద్యోగం పోయినందుకు నాకు కోపం లేదండీ. మా వీధిలో సగం మందికి పోయింది. రోజూ పొద్దున్నే ఆయన టై నాచేత కట్టించుకుంటారు. ఇన్నాళ్ళూ ఆ అబద్ధానికి నా చేత్తో నేనే ముడేశాను. అది మింగుడుపడట్లేదు."

"లోపలికి రండి, అడిగేద్దురుగాని."

"వద్దు. నేను అడిగితే ఒప్పుకుంటారు. ఒప్పుకోవడం వేరు, తనంతట తను చెప్పడం వేరు." గొడుగు కొస నేలకి ఆనించి, మాట కూడదీసుకుంది. "చుసోక్ పండక్కి బావగారింట్లో మా మామగారి పేరున అన్నం పెట్టి మొక్కుతాం. ఆఫీసెలా ఉందని అందరూ అడుగుతారు. చనిపోయిన తండ్రికి పెట్టిన అన్నం ముందు ఈయన అబద్ధం చెప్తుంటే, పక్కన నేను నిలబడలేను. ఆలోపు చెప్తే సరే. లేకపోతే పాపని తీసుకుని గాంగ్నుంగ్‌లో మా వాళ్ళింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. మీరు మాత్రం చెప్పకండి. మాటివ్వండి."

ఇచ్చాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, ఆ పండగ వచ్చేదాకా నాలుక కొరుక్కుంటూ బతికాను.

మర్నాటినుంచి ప్యో గారి బ్యాగులోంచి భోజనం డబ్బా బయటికి రావడం మొదలైంది. అన్నం, వేయించిన చిన్న చేపలు, కిమ్చీ, చుట్టచుట్టిన గుడ్డు అట్టు. "బయట తిండి ఒంటికి మంచిది కాదట, మా ఆవిడ కొత్తగా మొదలెట్టింది," అని సంబరంగా నాకు చూపించారు. నేను ఆష్‌ట్రేలు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

చెప్పనని మాటిచ్చాను గాని, చెప్పించనని ఇవ్వలేదుగా. గోడ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: "ఓడినవాళ్ళు ఆ మాట అని లేవాలి. నక్కినవాళ్ళకి నూడుల్స్ లేవు."

హేవన్ చదివి పెదవి విరిచింది. "పిన్నీ, బాబాయ్‌కి డబ్బా ఉందిగా. నీ బెదిరింపు మాకే తగిలింది."

ఆయన మాత్రం ఆ కాగితం చూసి మనుషులతో ఆడటమే మానేశారు. యంత్రంతోనే ఆడుకునేవారు. యంత్రానికి ఏమీ చెప్పక్కర్లేదు. రోజులు పోతున్నాయి, మార్కెట్లో పండగ బేరిపళ్ళు దిగాయి. ఒకరోజు ఉండబట్టలేక ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ప్యో గారూ, ఓడిపోయానంటే ఏమవుతుందండీ?"

ఆయన ఆట ఆపారు. "ఓనరమ్మ గారూ, నేను చేసిన ఆఫీసులో నావల్ల కాలేదని ఎవరైనా అంటే మర్నాటికి వాడి బల్ల ఖాళీ. తప్పు జరిగితే ఫైలు ఇంకో గదికి తోసేవాళ్ళం. అలా తోసుకుంటూనే చీఫ్‌నయ్యాను."

"మీరెప్పుడూ అనలేదుగా. మీ బల్ల ఎందుకు ఖాళీ అయింది మరి?"

నోరు జారాక నాకే పాపం అనిపించింది. ఆయన ఆగిపోయిన ఆటని మళ్ళీ నడిపించారు.

ఎల్లుండి పండగనగా, మార్కెట్ సందులో ఉన్న తిమింగలం పీసీబాంగ్‌తో మాకు పోటీ. ఎవరి కొట్టులో వాళ్ళు కూర్చుని ఆడతారు, మనిషికి ఒక ఆట. ఓడిన కొట్టువాళ్ళు గెలిచినవాళ్ళ ఆష్‌ట్రేలన్నీ కడగాలి. మా తరఫున ముగ్గురు ఆడాలి, అందులో ఒకడు పొద్దున్నే రైలెక్కి పండక్కి ఊరెళ్ళిపోయాడు. హేవన్ తన ఆట గెలిచింది, రెండోవాడు ఓడాడు. మూడో కుర్చీ ఖాళీ.

"బాబాయ్ ఉన్నారుగా," అంది హేవన్.

"అమ్మాయ్, నావల్ల..." అని ఆగిపోయారు ప్యో గారు. ఆ మాట పూర్తి చేయడం ఆయనకి రాదు. పూర్తి చేయలేక వచ్చి కూర్చున్నారు.

ఎంత బాగా ఆడారో చెప్పలేను. నమస్కారాలు రాయలేదు. మొదటే ఒక కూలీని పంపి అవతలివాడి గుట్టు చూసుకున్నారు. ఖనిజం పోగేయలేదు. కట్టడాలు వంకరటింకరగా, దారికి అడ్డంగా కట్టారు, వాడి మొదటి దాడి వాటికి కొట్టుకుని చెదిరిపోయింది. కొట్టంతా ఆయన వెనక చేరి చప్పట్లు కొట్టింది. నేను కౌంటర్ వదిలేసి వచ్చి నిలబడ్డాను. అప్పుడు వాడు సైన్యాన్ని ఎగిరే ఓడల్లో ఎక్కించి వెనకవైపు దించాడు. ముందు కూలీలు పోయారు, తర్వాత అన్నీ పోయాయి.

ఒక కట్టడం గాలిలోకి లేచింది.

ఆ కట్టడం మెల్లిగా ఎగురుకుంటూ చీకటి మూలకి పోయింది. ఎల్లుండి పొద్దున్న ఈ మనిషి టై కట్టించుకుంటాడు, బస్సెక్కుతాడు, తండ్రికి పెట్టిన అన్నం ముందు నిలబడతాడు, పక్కన భార్య ఉండదు. చెప్పేద్దామా అనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

అవతలివాడు వెతకడం లేదు. వాడి సైన్యం మ్యాపు మధ్యకి వచ్చి ఊరికే నిలబడింది.

"వాడేం చేస్తున్నాడు?" అన్నారు ప్యో గారు.

"ఆగాడు బాబాయ్," అంది హేవన్. దాని గొంతులో వెటకారం లేదు. "మీరెక్కడున్నారో వాడికి తెలుసు. ఇందాక పైనుంచి చూసి పోయాడు."

"తెలిస్తే వచ్చి కొట్టేయొచ్చుగా?"

"మీరే అంటారని చూస్తున్నాడు."

ప్యో గారు మౌసు మీంచి చెయ్యి తీశారు. మొదటి అక్షరం నొక్కారు. దాన్ని చాలాసేపు చూశారు. రెండోది కూడా నొక్కి పంపించారు.

వెంటనే అటునుంచి అవే రెండక్షరాలు వచ్చాయి. వాటి కింద ఇంకో ముక్క: "మొదటి దాడి భలే ఆపారు. పండగయ్యాక ఇంకో ఆట ఆడదామా?"

"ఇంతేనా?" అన్నారాయన.

"ఇంతే. ఆకాశం ఊడిపడుతుందనుకున్నారా?" అంది హేవన్. "ఆష్‌ట్రేలు మాత్రం మీరే కడగాలి."

కుర్రాళ్ళు ఆయన భుజాలు తట్టి సీట్లకి పోయారు. ఆయన అలాగే కూర్చున్నారు. చొక్కా వీపున తడిసిపోయింది. కాసేపటికి లేచి కౌంటర్ దగ్గరికి వచ్చారు. "ఓనరమ్మ గారూ, ఫోను ఒకసారి వాడుకోవచ్చా?" అన్నారు. నేను ఫోను ఆయన వైపు జరిపి, చేతిలో గుడ్డ పెట్టుకుని, ఏం తుడుస్తున్నానో తెలియకుండా తుడుస్తూ నిలబడ్డాను.

"నేనే... కాదు, ఆఫీసునుంచి కాదు." గొంతు సవరించుకున్నారు. "ఆఫీసు లేదు సనోక్. ఏప్రిల్ నుంచీ లేదు. నన్ను తీసేశారు. రోజూ బుప్యోంగ్‌లో కంప్యూటర్ ఆటల కొట్టులో కూర్చుంటున్నాను."

తర్వాత చాలాసేపు వినడమే. "ఊఁ" అన్నారు. "ఊఁ... లేదు, ఇంకా తినలేదు" అన్నారు. ఫోను పెట్టేశాక కూడా చెయ్యి దాని మీదే ఉంది.

"ఏమందండీ?" అన్నాను.

"గుడ్డు అట్టులో ఇవాళ ఉప్పెక్కువైందేమో, తిన్నారా అని అడిగింది." ఆయన నా మొహంలోకి చూశారు. "డబ్బా కట్టడం మొదలెట్టిన నాటినుంచీ తెలుసట. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. తెలిసీ ఎందుకు అనలేదు?"

హేవన్ తన సీట్లోంచి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"అవతలివాళ్ళు ముందు అనకూడదు బాబాయ్."

ప్యో గారు మూల సీటుకి వెళ్ళి డబ్బా తెచ్చుకున్నారు. కౌంటర్ దగ్గరే, తలుపుకి ఎదురుగా నిలబడి తిన్నారు. చల్లారిపోయిన అన్నం, చేపలు, ఆఖర్న అట్టు. అట్టు తింటున్నప్పుడు కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "ఉప్పు సరిపోయింది," అన్నారు.

తిమింగలం కొట్టుకి వెళ్ళి ఆష్‌ట్రేలు కడిగి వచ్చారు. ఆఫీసులు వదిలే వేళకి ఇంకా చాలా టైముంది. ఆ పగటి ఎండలో, ఖాళీ డబ్బా బ్యాగులో పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకుని, స్టేషన్ వైపు వెళ్ళిపోయారు.